మే రెండో వారంలో కోనసీమ: పిల్లలతో, పెద్దవాళ్ళతో ఏ పూట ఏం తినాలి?

వాణి, మియాపూర్:

అందరికీ నమస్కారం. పిల్లలకి సెలవులు, మావారికి అయిదు రోజుల లీవ్ దొరికింది. మే రెండో వారంలో హైదరాబాద్ నుంచి కారులో గోదావరి జిల్లాలకి వెళ్దామనుకుంటున్నాం. ఆరుగురం. మేమిద్దరం, పదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, అత్తయ్యగారు, మామయ్యగారు. అత్తయ్యగారు శాకాహారి. మామయ్యగారికి సుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటారు. ఆయనకి చేపలంటే ప్రాణం. పిల్లలు కారం ఎక్కువ తినలేరు.

ఎక్కడికి వెళ్ళినా మా తిండి మాత్రం మారడం లేదు. హైవే మీద పెద్ద బోర్డు కనబడిన చోట కారు ఆపుతాం. పనీర్ బటర్ మసాలా, నాన్, పిల్లలకి ఫ్రైడ్ రైస్. అవన్నీ మా వీధి చివరే దొరుకుతాయి, దానికోసం నాలుగు వందల కిలోమీటర్లు వెళ్ళడం ఎందుకనిపిస్తుంది. మామయ్యగారి చిన్నతనం పాలకొల్లు దగ్గర గడిచింది. ఆయన మినప్పిండితో మందంగా కాల్చే దిబ్బరొట్టి గురించి, ముంజల గురించి, వాళ్ళమ్మ చేసిన పనసపొట్టు కూర గురించి చెప్తుంటే పిల్లలిద్దరూ నోరు తెరుచుకుని వింటారు. ఈసారి అవి వాళ్ళకి నిజంగా తినిపించాలని ఉంది.

నెట్‌లో చూస్తే పులస, పూతరేకులు, కాజా, కుండ బిర్యానీ అని ఒకటే జాబితా అందరూ తిప్పి తిప్పి రాశారు. మే నెలలో ఏం దొరుకుతుందో, ఏ పూట వెళ్ళాలో ఒక్కరూ చెప్పలేదు. పులస ఈ నెలలో దొరుకుతుందా? పూతరేకులు చేసేటప్పుడు చూడనిస్తారా? ఎండలో బయటి తిండి పిల్లలకి పడుతుందా అని కూడా కొంచెం టెన్షన్‌గా ఉంది. అక్కడివాళ్ళు ఎవరైనా చెప్తే చాలా సాయం చేసినవాళ్ళవుతారు.


కొత్తపేట కొబ్బరితోట:

వాణి గారూ, మాది కొత్తపేట దగ్గర పల్లె. కొబ్బరితోట ఉంది, కొంచెం అరటి వేస్తాం. వేసవి వచ్చిందంటే హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ చుట్టాలు మా ఇంట్లో దిగుతారు. వాళ్ళకి ఏం పెట్టాలి, ఎక్కడికి తీసుకెళ్ళాలి అన్నది మా ఇంట్లో నా పని. ఇది నాకు ఇష్టమైన విషయం కూడా. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు పులస సంగతి తేల్చేద్దాం. మేలో పులస ఉండదండి. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటారు. గోదావరికి వరద నీరు తగిలాక, జులై నుంచి సెప్టెంబరు దాకా, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. అలా ఆ ఎర్రనీళ్ళలో పైకి వచ్చినదే పులస. మేలో ఎవరైనా పులస పులుసు అని గిన్నె ముందు పెడితే అది ఐసులో దాచినదో, ఇంకో చోటు నుంచి తెచ్చినదో అయి ఉంటుంది. వేలకి వేలు దానికి పోయకండి. మామయ్యగారు పాలకొల్లు వైపు మనిషి కాబట్టి ఆయనకి ఈ సంగతి తెలిసే ఉంటుంది, అడిగి చూడండి.

ఇంకోటి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లతో సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. కాబట్టి మీరు అంతర్వేదిలో సముద్రం ఎదురుగా కూర్చున్నా పెద్ద సముద్రపు చేప మేలో తక్కువే. మరి మామయ్యగారికి ఏం పెట్టాలంటారా? చెరువు రొయ్యలు ఉన్నాయి, పండుగప్ప ఉంది, కొరమీను ఉంది. అన్నిటికన్నా మించి, మేలో లేత చింతచిగురు ఉంటుంది. చింతచిగురు వేసిన రొయ్యల కూర తినాలంటే ఇదే కాలం. చిగురు అరచేతుల మధ్య నలిపి, ఈనెలు ఏరేసి, రొయ్య సగం ఉడికాక వేస్తారు. ఆ పులుపు చింతపండుతో రాదు. పులస కోసం వచ్చి ఇది తినకుండా వెళ్ళిపోయేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. భోజన హోటల్లో బోర్డు మీద ఇది ఉండకపోవచ్చు. ఉదయమే ఫోన్ చేసి "చింతచిగురు రొయ్యలు వండుతారా" అని అడిగితే చాలాచోట్ల వండిపెడతారు.

మా వైపు తిండికి ఏ ఊరు అన్నదానికన్నా ఏ నెల, ఏ పూట అన్నది ముఖ్యం. పొద్దుట దొరికేది పది దాటితే ఉండదు. సాయంత్రం వేసేది మధ్యాహ్నం అడిగితే నిన్నటిది పెడతారు. చాలామంది రాజమండ్రిలో తొమ్మిదికి లేచి, హోటల్లో ఇచ్చే ఇడ్లీ పూరీ తిని, పదకొండింటికి కోనసీమ బయల్దేరతారు. వాళ్ళు దిగేసరికి ఎండ నెత్తిమీద ఉంటుంది, తినాల్సినవి అయిపోయి ఉంటాయి. మీరు అయిదున్నరకి కారులో ఉండండి. పిల్లలు వెనక సీట్లో పడుకుంటారు, పర్వాలేదు.

పొద్దుట తినాల్సింది పొట్టిక్కలు. అంబాజీపేట వీటికి పేరు. నాలుగు పనసాకులు ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో మినప్పిండి రవ్వ కలిపిన పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఇడ్లీ పిండే కదా అనుకోకండి. ఉడికేటప్పుడు పనసాకు వాసన పిండికి పట్టేస్తుంది. వేడిగా ఆకు ఊడదీసి, కొబ్బరిచట్నీతో తినాలి. కారం లేదు కాబట్టి మీ బాబు హాయిగా తింటాడు. అత్తయ్యగారికీ ఇబ్బంది లేదు. ఏడు, ఎనిమిది మధ్య అక్కడ ఉండేలా చూసుకోండి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ కూడా పెద్దది. కుప్పలు పోసి కాయ ఒలవడం, కురిడీలు (లోపల నీళ్ళు ఇంకి ఎండిన కాయలు) వేరు చేయడం పిల్లలకి చూపించండి.

తర్వాత ముంజలు. సంచిలో కట్టి రోడ్డు పక్కన అమ్మే ముంజలు కొనకండి. అవి ఎప్పుడు కొట్టినవో తెలీదు, ఎండకి పులిసిపోతాయి. తాటిగెల ముందు పెట్టుకుని అడిగినప్పుడు కొట్టి ఇచ్చేవాళ్ళ దగ్గర ఆగండి. గోదావరి పాయల మధ్య ఉండే లంక ఊళ్ళ రోడ్ల మీద మేలో కనబడతారు. కాయ పైన చెక్కి ఇమ్మని అడగండి, ముంజ తీసి ఇవ్వవద్దని చెప్పండి. కాయకి సాధారణంగా మూడు కళ్ళుంటాయి. బొటనవేలు లోపలికి దింపి ముంజ పైకి లాగి, నీళ్ళు కారకుండా నోట్లో వేసుకోవాలి. పిల్లలకి రెండు కాయలు పాడయ్యాక వచ్చేస్తుంది. మామయ్యగారు నేర్పిస్తారు, ఆ పని ఆయనకే వదిలేయండి. లేతవే తినాలి. గట్టిబడ్డ ముదురు ముంజ ఎక్కువ తింటే పిల్లలకి కడుపునొప్పి వస్తుంది. తిన్నాక ఖాళీ కాయలు పారేయకండి. రెండు కాయల మధ్య పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోస్తే బండి అవుతుంది. మా చిన్నప్పుడు వేసవంతా ఆ బండే తోసేవాళ్ళం.

ఆత్రేయపురం ఒక పూట కేటాయించండి. రావులపాలెం నుంచి కారులో ఎక్కువ సేపు పట్టదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చాక షాపులు పెరిగాయి. కానీ రేకు తీసేది ఇళ్ళల్లో ఆడవాళ్ళు. షాపులో అడిగితే ఏ ఇంట్లో రేకులు తీస్తున్నారో చెప్తారు. కుండ బోర్లించి కింద ఎండు కొబ్బరాకులు మండిస్తుంటారు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి నీళ్ళలా పల్చగా ఉంటుంది. పల్చటి గుడ్డ అందులో ముంచి కుండ మీద ఒక్కసారి పరిచి తీసేస్తే క్షణంలో రేకు లేస్తుంది. అవతలి పక్క మనిషి కనబడేంత పల్చగా ఉంటుంది. ఆ పొగలో, ఆ వేడిలో, మే నెలలో గంటల తరబడి కూర్చుని చేస్తారు వాళ్ళు. చూసి ఫొటో తీసుకుని వచ్చేయకండి, వాళ్ళ దగ్గరే కొనండి. నేను చెప్పే ఒక్క నియమం ఇది. అప్పటికప్పుడు నెయ్యి రాసి, పంచదార జల్లి మడిచి ఇచ్చిన రేకు నోట్లో పెట్టుకుంటే, మీరు ఇన్నాళ్ళూ అట్టపెట్టెలోంచి తిన్నది వేరే వస్తువని తెలుస్తుంది.

ఆత్రేయపురానికి మే నెలలో వెళ్ళడానికి ఇంకో కారణం మామిడి తాండ్ర. తాండ్ర వేసేది వేసవిలోనే. మామిడి గుజ్జులో తీపి కలిపి తాటాకు చాపల మీద పల్చగా పోస్తారు. ఎండాక దాని మీద ఇంకో పొర. అలా రోజుల తరబడి పొర మీద పొర. వాన చినుకు పడితే చాపలన్నీ లోపలికి పరిగెత్తించాలి. ఇళ్ళ ముందు వరసగా చాపలు, ఆ వీధంతా పండిన మామిడి వాసన. మిగతా కాలాల్లో వచ్చినవాళ్ళకి తాండ్ర ముక్క దొరుకుతుంది గానీ ఈ చాపలు దొరకవు.

శనివారం మాత్రం అటు వెళ్ళకండి. పక్కనే వాడపల్లి వెంకన్న గుడికి శనివారాలు విపరీతమైన జనం, కార్లు కదలవు. దర్శనం కావాలంటే వేరే రోజు పెట్టుకోండి.

మధ్యాహ్న భోజనం అత్తయ్యగారి కోసం ఎంచుకోండి, అందరికీ బాగుంటుంది. మేలో శాకాహార భోజనమే మా వైపు గొప్పది. కొత్త ఆవకాయ కలిపే రోజులివి. వేడన్నంలో ముద్దపప్పు, కొత్త ఆవకాయ, నెయ్యి. మామిడికాయ పప్పు, కొబ్బరి మామిడికాయ పచ్చడి, చల్లమిరపకాయలు, గడ్డపెరుగు. పనసపొట్టు కూర ఉందేమో తప్పకుండా అడగండి. రావులపాలెం, రాజమండ్రి బజార్లలో పచ్చి పనసకాయ ముందేసుకుని కత్తితో సన్నగా పొట్టు కొట్టి అమ్ముతారు. జిగురు అంటకుండా చేతికి, కత్తికి నూనె రాసుకుంటారు. ఆ పొట్టు ఉడకబెట్టి, చింతపండు పులుసు, పోపు, దింపాక ఆవపిండి ముద్ద. ఆవ ఘాటు పిల్లలకి పడకపోతే వాళ్ళకి పెరుగు కలపండి. రాజోలు, మలికిపురం వైపు వెళ్తే పచ్చి జీడిపప్పు కూర కూడా అడగండి. మోరి ఊరు జీడిపప్పుకి ప్రసిద్ధి, జీడి పంట ఈ నెలల్లోనే వస్తుంది. ఎండిన పప్పుతో చేసే కూరకి, పచ్చి పప్పు కూరకి పోలిక లేదు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎక్కడికీ కదలకండి. గదిలో పడుకోండి. రాజమండ్రిలో ఉన్న రోజు నాలుగింటికి రోజ్ మిల్క్ తాగి, ఎండ తగ్గాక పుష్కర ఘాట్‌కి వెళ్ళండి. అక్కడ మిరపకాయ బజ్జీ కోసి ఉల్లిపాయ, నిమ్మరసం వేసి ఇస్తారు, అది పెద్దవాళ్ళకి. పిల్లలకి వేడి మొక్కజొన్న పొత్తు.

దిబ్బరొట్టి కోసం రాజమండ్రి నుంచి వెనక్కి పోనక్కర్లేదు. హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడే విజయవాడ దాటాక భీమవరం మీదుగా పాలకొల్లు రండి. మామయ్యగారి ఊరి గాలి కూడా తగులుతుంది. అక్కణ్ణుంచి చించినాడ వంతెన దాటితే కోనసీమే. దిబ్బరొట్టి సన్నటి సెగ మీద, పైనా కిందా నిప్పులు పెట్టి కాలుస్తారు. పైన కరకర, లోపల మెత్తన. చెరుకు పానకంలో ముంచుకుని తినాలి, చట్నీ తర్వాత.

కుండ బిర్యానీ గురించి అడగలేదు మీరు, నేనూ చెప్పడం లేదు. బాగానే ఉంటుంది గానీ ఎండాకాలం మధ్యాహ్నం దాని వంతు కాదు.


తణుకు రాధ:

కొబ్బరితోట గారు చెప్పినవన్నీ నిజం. నేను నర్సుగా పనిచేస్తున్నాను, అందుకని రెండు మాటలు పిల్లల గురించి, మామయ్యగారి గురించి.

బయటి తిండి అని అంత భయపడనక్కర్లేదు వాణి గారూ. పొయ్యి మీద నుంచి దిగిన వేడి పొట్టిక్క, అప్పుడే కొట్టిన ముంజ, మీ ముందే చెక్కిన బొండం, మీరే కడిగి కోసుకున్న మామిడిపండు, వీటితో పిల్లలకి తేడా చేయడం అరుదు. తేడా చేసేవి ఎక్కువగా ఐసు, నీళ్ళు, పొద్దుట రుబ్బి ఎండలో ఉంచేసిన కొబ్బరిచట్నీ, ముందే కోసి పెట్టిన పళ్ళముక్కలు. చెరుకురసం ఐసు లేకుండా అడగండి. చట్నీ వాసన చూసి, పులుపు తగిలితే పక్కన పెట్టేయండి. మధ్యాహ్నం దాటాక చట్నీ వద్దు, కారప్పొడి నెయ్యి అడగండి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగైదు కారులో ఉంచుకోండి. ప్యాకెట్ మీద ఎంత నీళ్ళని రాస్తే సరిగ్గా అన్ని నీళ్ళలోనే మొత్తం ప్యాకెట్ కలపాలి. పిల్లలు తక్కువ తాగుతారని సగం గ్లాసులో సగం పొడి వేసే అమ్మలు చాలామంది ఉన్నారు, అలా చేస్తే మేలుకన్నా కీడు ఎక్కువ. విరేచనాలతో పాటు నోరు ఎండిపోవడం, మూత్రం రాకపోవడం, మగతగా ఉండటం కనిపిస్తే ఊరు చూడటం ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మామయ్యగారి విషయం. "బెల్లం పూతరేకులు సుగర్ ఉన్నవాళ్ళకి మంచివండి" అని షాపుల్లో చెప్తారు. నమ్మకండి. బెల్లం కూడా పంచదారలాగే రక్తంలో సుగర్ పెంచుతుంది. ఆయన్ని పూర్తిగా ఆపమని నేను అనను, సొంత ఊరి వైపు వచ్చి ఏమీ తినకపోతే ఆ మనిషికి బాధ. ఒక రేకు తింటే ఆ పూట మామిడిపండు మానేయడం, అన్నం తగ్గించడం, ఇలా సర్దుకోండి. దిబ్బరొట్టి పానకం బదులు అల్లం పచ్చడితో తినమనండి. మాత్ర వేసుకున్నాక భోజనం ఆలస్యం కాకూడదు. ఇది ప్రయాణాల్లో అందరూ మర్చిపోతారు. దారిలో మంచి హోటల్ వస్తుందిలే అని గంట, రెండు గంటలు సాగదీస్తే ఆయనకి సుగర్ పడిపోయి చెమటలు పట్టొచ్చు. బిస్కెట్లు, గ్లూకోజ్ పొడి చేతికందేలా ఉంచుకోండి. బయల్దేరే ముందు ఒకసారి ఆయన డాక్టరుతో మాట్లాడండి.


సీతమ్మధార శ్రీను:

మీరు అక్కడిదాకా వచ్చి ఉత్తరాంధ్ర చూడకుండా వెళ్ళిపోతే ఎలాగండి? మేలో కోనసీమ ఉక్క తట్టుకోవడం కష్టం. రెండు రోజులు గోదావరి, మూడు రోజులు విశాఖ, అరకు పెట్టుకోండి. దారిలో అన్నవరంలో ఆగితే సత్యనారాయణస్వామి ప్రసాదం. గోధుమరవ్వ, నెయ్యి, ఆకులో పొట్లం, వేడిగా. అత్తయ్యగారు సంతోషిస్తారు. అనకాపల్లి బెల్లం, మాడుగుల హల్వా. ఈ హల్వా గోధుమపాలతో చేస్తారు, నోట్లో వేసుకుంటే సాగదు, కరిగిపోతుంది. అరకు ఘాట్ ఎక్కుతుంటేనే చల్లబడుతుంది. బొంగులో చికెన్ అంటే వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, ఆకుతో మూతి మూసి నిప్పుల్లో కాలుస్తారు. నూనె ఉండదు. కారం తక్కువ వేయమంటే వేస్తారు, పిల్లలు తింటారు. గిరిజనుల సంతలో పనసపండు, అడవి తేనె దొరుకుతాయి. సువర్ణరేఖ మామిడి మా వైపుదే. పైన ఎరుపు, కోస్తే కుంకుమపువ్వు రంగు. మే నెలలో ఆ పండు తినకుండా వెళ్ళడం నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు.


కొత్తపేట కొబ్బరితోట:

శ్రీను గారూ, సువర్ణరేఖ విషయంలో మీతో వాదించను, మేమూ తెప్పించుకుని తింటాం. బొంగు చికెన్ కూడా అరకులో తింటేనే తిన్నట్టు. కానీ అయిదు రోజుల్లో హైదరాబాద్ నుంచి అరకు దాకా, మళ్ళీ వెనక్కి? రానుపోను రోడ్డుకే రెండు రోజులకి పైగా పోతాయి. పెద్దవాళ్ళు, ఆరేళ్ళ పిల్లాడు ఉన్న కారు అది. ఇలా పరిగెత్తినప్పుడే వాణి గారు మొదట రాసిన పనీరు, ఫ్రైడ్ రైస్ మళ్ళీ వచ్చి కూర్చుంటాయి. ఊరి తిండి తినాలంటే ఊళ్ళో పూట గడపాలండి. ఆకలి వేసినప్పుడు రోడ్డు మీద ఉంటే ఏది కనబడితే అది తింటాం. అరకు విడిగా పెట్టుకోమనండి, విశాఖ దాకా రైల్లో వెళ్ళి.

మామిడి మాట వచ్చింది కాబట్టి చెప్తాను. దారిలోనే మీకు మంచి పండు ఉంది. విజయవాడ దాటాక హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వైపంతా మామిడి తోటలు. అక్కడ రసాలు అడగండి. బంగినపల్లి కోసుకు తినే పండు, రసం పిండుకు తాగే పండు. చిన్నరసాన్ని రెండు అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, మొదట వచ్చే జీడి పిండేసి, అప్పుడు పిల్లలకి ఇవ్వండి. చొక్కాలు విప్పించి ఇవ్వండి, ఆ మరక వదలదు. పండు అంతా ఒకే పసుపు రంగులో ఉండి, ముచ్చిక దగ్గర వాసన లేకపోతే కార్బైడ్ వేసిందేమోనని అనుమానించండి. దాంతో పండించడం నిషేధం, అయినా వేసేవాళ్ళు వేస్తూనే ఉన్నారు. గడ్డిలో మగ్గిన పండు అక్కడక్కడా ఆకుపచ్చగా ఉన్నా బండి దగ్గరికి వెళ్ళగానే వాసన తెలుస్తుంది.


వాణి, మియాపూర్:

అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో అందరం కూర్చుని చదివాం. పులస సంగతి మామయ్యగారిని అడిగితే "మేలో పులసేంటమ్మా" అని నవ్వారు. దిబ్బరొట్టి పాలకొల్లులో ఎక్కడ తినేవారో చెప్పడం మొదలుపెట్టి రాత్రి పదకొండు దాకా ఆపలేదు. శ్రీను గారూ, అరకు దసరాకి పెట్టుకుంటున్నాం, అప్పుడు మిమ్మల్ని మళ్ళీ అడుగుతాను.

ఇలా అనుకున్నాం. మొదటి రోజు తెల్లవారుజామున బయల్దేరి, నూజివీడు వైపు రసాలు కొనుక్కుని, రాత్రికి పాలకొల్లు. రెండో రోజు పొద్దుట దిబ్బరొట్టి, క్షీరారామం దర్శనం, చించినాడ మీదుగా దిండి, సాయంత్రం అంతర్వేది, రాత్రికి మళ్ళీ దిండి. మూడో రోజు పొద్దుట అంబాజీపేట పొట్టిక్కలు, తర్వాత రావులపాలెం. నాలుగో రోజు ఆత్రేయపురం, ధవళేశ్వరం, సాయంత్రం రాజమండ్రి. అయిదో రోజు ఇంటికి. శనివారం దారిలో పడకుండా చూసుకున్నాం.

రెండు సందేహాలు మిగిలాయి. పూతరేకులు, తాండ్ర ఇంటికి ఎలా తెచ్చుకోవాలి, ఆ ఎండలో కారులో పాడవవా? ఇంకోటి, అత్తయ్యగారు ఆవకాయకి కాయ అక్కడే కొందామంటున్నారు. ముక్కలు కొట్టించుకుని తెచ్చుకోవచ్చా?


కొత్తపేట కొబ్బరితోట:

ప్లాను బాగుందండి. ఒక్క మార్పు. మూడో రోజు దిండి నుంచి ఆరింటికల్లా బయల్దేరండి, అంబాజీపేటకి గంట పైనే పట్టొచ్చు. పొట్టిక్కలు తిన్నాక రావులపాలెం హైవే మీదికి తొందరపడకుండా లోపలి కాలవగట్టు రోడ్లలో రండి. ముంజలు కొట్టేవాళ్ళు అక్కడే తగులుతారు.

పూతరేకులకి ఎండకన్నా తడి శత్రువు. రేకు గాలిలో తడి పీల్చుకుంటే మెత్తబడి నమిలినట్టు అవుతుంది. నెయ్యి ఎక్కువ వేసినవి వెంటనే తినడానికి తీసుకోండి. ఇంటికి తెచ్చేవి డ్రైఫ్రూట్ పొడితో, నెయ్యి తక్కువగా మడిచినవి అడగండి. మీరే ఒక మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా తీసుకొస్తే అట్టపెట్టె బదులు అందులో సర్ది ఇస్తారు. డబ్బా డిక్కీలో పెట్టకండి, ఏసీ తగిలే చోట కాళ్ళ దగ్గర పెట్టుకోండి. దాని మీద ఏ బరువూ పెట్టకూడదు. మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టనక్కర్లేదు, వారం రోజుల్లో తినేయండి.

తాండ్రకి ఈ గొడవ లేదు, అది ఎండలోనే పుట్టింది. నలుపు తిరిగినది కాకుండా తేనెరంగులో ఉన్నది, వంచితే విరగకుండా వంగేది చూసి తీసుకోండి. ఈ ఏడాదిదేనా అని అడగండి. మే మొదట్లో కొన్నిచోట్ల నిరుటిది ముందు అమ్మేస్తారు.

ఆవకాయ ముక్కలు మాత్రం వద్దు. కొట్టిన ముక్క అంత ఎండలో, అంత దూరం వస్తే నీరు వదిలి మెత్తబడుతుంది, పచ్చడి నిలవుండదు. కాయలే తీసుకెళ్ళండి. మా వైపు కొత్తపల్లి కొబ్బరి అనే రకం మామిడికాయతో పెడతాం. గట్టిగా ఉండి, టెంక బాగా కట్టి, పులుపున్న కాయ కావాలి. పొద్దుట కోసినది కొని, గోనెసంచిలో వేసి, మూతి వదులుగా కట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే ఉక్కకి రంగు తిరిగి పండడం మొదలవుతుంది. ఇంటికి చేరిన మర్నాడే కడిగి, తుడిచి, ఆరబెట్టి కొట్టించుకోండి. అత్తయ్యగారికి ఈ పద్ధతి తెలిసే ఉంటుంది, ఆవిడ చెప్పినట్టే చేయండి.

రాజమండ్రి నుంచి బయల్దేరే ముందురోజు ఇక్కడ ఒక మాట రాయండి. ఆ వారం ఏ తోట కాయ బాగా వచ్చిందో, రావులపాలెం మార్కెట్‌లో ఎంత పలుకుతోందో కనుక్కుని చెప్తాను.